వట్టి మంచినీళ్లు

ఎండన పడి వచ్చిన వాళ్లకు మంచినీళ్లతో పాటు చిన్న బెల్లం ముక్క పెట్టడం మా మునగపాక వైపు అలవాటు. అనకాపల్లి టౌన్లో కాపురం పెట్టాక కూడా నేనది మానలేదు. గ్యాస్ బండ తెచ్చేవాడికీ పెట్టాను, ఇన్సూరెన్సు సర్వేయరుకీ పెట్టాను. ఆ రెండోదే నా కొంప ముంచింది.

అప్పటికి వారం కిందట మా కారును హైవే మీద లారీ గుద్దింది. మా ఆయన కాలు రెండు చోట్ల విరిగింది. ఫైనాన్సులో కొన్న కారు, వాయిదాలు సగం కూడా తీరలేదు. క్లెయిము వస్తే గట్టెక్కుతాం అనుకున్నాం.

సర్వేయరు వచ్చేసరికి మా ఆయన ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు. ఆ అబ్బాయి మర్యాదస్తుడే. బెల్లం నోట్లో వేసుకుని, "భలే ఉందమ్మా, ఎక్కడిది?" అన్నాడు. పుట్టింటి బెల్లాన్ని ఎవరు మెచ్చుకున్నా నేను పొంగిపోతాను. "మా అన్నయ్య వండిందండి. మా ఆయనే కార్లో ఏసుకుని మార్కెట్టుకి తెచ్చేత్తారు. ఊళ్లో ఆళ్లూ తలో నాలుగు దిమ్మలు ఏత్తారు. పెట్రోలుకి డబ్బులిత్తారు, పాపం," అన్నాను. అతను రాసుకున్నాడు. ఇంకో ముక్క పెట్టాను.

నిజానికి గుద్దిన రోజు కార్లో బెల్లం లేనే లేదు. నక్కపల్లిలో పెళ్లికి వెళ్లి వస్తున్నారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సొంత కారును కిరాయికి తిప్పారట, క్లెయిము చెల్లదట. మా ఆయన మండిపడ్డారు. "కిరాయికి తిప్పేనని ఎవడు సెప్పేడు? ఆడి నోట్లో పురుగులు పడ!" మంచం మీంచి రోజూ అదే శాపం. వంటింట్లో నిలబడి వినేదాన్ని. చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. భయమేసి వెనక్కి వచ్చేశాను.

వాయిదాలు ఆగాయి. రికవరీ వాళ్లు బైకు మీద ఇద్దరు రావడం మొదలుపెట్టారు. గేటు దగ్గర నిలబడి వీధంతా వినేటట్టు మా ఆయన పేరు పెట్టి పిలిచేవారు. ఇన్సూరెన్సు గొడవ మాకెందుకు, మా వాయిదా మాకు కట్టమనేవారు.

ఓ మధ్యాహ్నం మా ఆయన చేతికర్ర పట్టుకుని వరండాలోకి వచ్చారు. "ఇన్సూరెన్సోళ్లు తప్పుడు సాచ్చికం పుట్టించేరు. కేసేసేను. తేలేదాకా ఆగండి," అన్నారు.

వాళ్లలో పెద్దవాడు ఫోను తీశాడు. "తప్పుడు సాచ్చికమేటి సార్? మీ ఇంట్లో ఆవిడే సెప్పేరు కదా. ఆ రిపోర్టు మా ఆఫీసుకీ వచ్చింది," అని చదివి వినిపించాడు. అన్నీ నా మాటలే. 'పాపం' ఒక్కటే లేదు.

మా ఆయన నా వైపు చూశారు. అరుస్తారనుకున్నాను. ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ నా మొహం మీదే తిట్టినా నాకింత ఏడుపొచ్చేది కాదు.

"ఆడికి బెల్లం పెట్టేవా?" అన్నారు.

"పెట్టేనండి."

కుర్చీలో కూలబడ్డారు. వాళ్లిద్దర్నీ కూర్చోమన్నారు. "ఎండన పడొచ్చేరు. ఆళ్లకి నీళ్లట్టుకురా," అన్నారు నాతో.

నేను లోపలికి తిరిగాను.

"వట్టి నీళ్లే," అన్నారు వెనక నుంచి, మెల్లగా.