ఎదురు తలుపు మీది కాగితం

మా ఎదురు ఫ్లాట్ అక్క ఇక లేరు. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే పోయారని వాచ్‌మన్ పైకొచ్చి చెప్పాడు. దోసెల పిండి గిన్నె చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆవిడ కొట్లకు, బడులకు, ఆస్పత్రులకు లోగోలు గీసేవారు. బెజవాడలో మీరు ఏ రోడ్డున వెళ్ళినా ఆవిడ గీసింది ఒకటైనా కంటపడుతుంది. స్వీటు డబ్బా మీదో, చీరల సంచీ మీదో, ల్యాబు రిపోర్టు పైనో. ఎక్కడా ఆవిడ పేరుండదు. "నా పేరెందుకే, కొట్టు వాళ్ళది గదా" అనేవారు.

కొత్తది గీసినప్పుడల్లా ప్రింటు తీసి తన తలుపుకి బయటివైపు అంటించేవారు. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం నేను తలుపు తీస్తే ఎదురుగా అదే కనిపించేది. ఆ రోజంతా దాని ఊసెత్తేవారు కాదు. మర్నాడు కాగితం తీసేసి, పెన్సిలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చేవారు.

"నిన్న చూసిందేదో గీయి."

"నాకు ముగ్గు తప్ప బొమ్మ రాదక్కా."

"రాకపోతేనే నాకు కావాలి. వచ్చినవాళ్ళు అందంగా అబద్ధాలు గీస్తారు."

నేను గీసింది తన లోగోలో ఉంచేవారు, గీయనిది చెరిపేసేవారు. "నువ్వు మర్చిపోయావంటే అది అక్కర్లేదన్నమాటే." ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పే నాకు, ఆ మాట మొదట్లో చిన్నతనంగా ఉండేది.

ఒకసారి కంకిపాడు వైపు ఒక మిషన్ స్కూలుకి లోగో కావాల్సి వచ్చింది. పావురం, దీపం, పుస్తకం, వరికంకి, సూర్యుడు అన్నీ ఉండాలన్నారట కమిటీ పెద్దాయన. "ఇంక పప్పన్నం ఒక్కటే తక్కువ" అని విసుక్కుంటూనే అక్క అన్నీ ఇరికించి తలుపుకి అంటించారు. మర్నాడు నా చేతికి పక్షి ఒక్కటే వచ్చింది. అదీ మెడ పొడుగ్గా, కాళ్ళు సన్నగా.

"పావురాన్ని కొంగను చేశావేంటే!"

"పామర్రులో పుట్టినదాన్నక్కా. తెల్లపిట్ట అంటే నాకు అదే."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. ఆ కొంగనే దిద్ది తీసుకెళ్ళారు. "పావురానికి మెడ సాగిందేంటమ్మా?" అన్నారట పెద్దాయన. "మీ పిల్లలు కిటికీలోంచి రోజూ చూసేది దీన్నేగా అండీ" అన్నారట ఈవిడ. ఇప్పుడా స్కూలు బస్సు మలుపు తిరుగుతుంటే చదువురాని ముసలమ్మలు కూడా "లేవరా, కొంగ బస్సొచ్చింది" అని మనవళ్ళను తొందరపెడతారు.

మా ఆయన ఎప్పుడూ క్యాంపుల్లోనే ఉంటారు. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. నీకేం గుర్తుందని నన్ను అడిగిన మనిషి ఆవిడొక్కరే.

పోయే ముందురోజు కూడా తలుపు మీద కాగితముంది. ఒక చేనేత సంఘం కోసం గీసింది. మర్నాడు అడగడానికి ఆవిడ రాలేదు. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన వాళ్ళ తమ్ముడు ఇల్లు సర్దుతూ ఆ కాగితాన్ని లాగి చెత్తసంచీలో వేశారు.

"అదీ..." అన్నాను.

"ఏమన్నా కావాలా అండీ?" అన్నారు మర్యాదగా.

ఏం లేదండీ అన్నాను. నాకు కావలసింది ఆ కాగితం కాదు.

నిన్న వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని గీశాను. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె వచ్చింది. దాని వెనకాల ఒక దారం వచ్చింది. దారం చివర ముడి ఉందో, అలాగే వదిలేసి ఉందో ఎంతకీ తట్టలేదు. తాళం వేసిన ఆ తలుపుకి తీసుకెళ్ళి అంటించాను.

ఈ పొద్దున పాల ప్యాకెట్టు కోసం తలుపు తీస్తే ఎదురుగా అదే ఉంది. వరండా గాలికి ఒక మూల లేచి పడుతోంది. మర్చిపోయింది అక్కర్లేనిదో కాదో చెప్పేవాళ్ళు లేరు. చేతిలో ప్యాకెట్టు చల్లదనం పోయేదాకా అక్కడే నిలబడ్డాను.