మంచి దురద

2006లో నేను భద్రాచలంలో ఒక చిన్న చర్మవ్యాధుల ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. సంత రోజున మా వరండాలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అలాంటి ఒక సంతనాడు అడవి లోపలి ఊరి నుంచి ముత్తయ్య వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. తేనె, ఇప్పపువ్వు కావడిలో మోసుకొచ్చి అమ్ముకునే మనిషి. కుడి భుజం మీద వెదురు ముల్లు గీరిన చోట మచ్చ ఉబ్బి, వేలెడంత పొడవున గట్టిపడింది. దాని మీద కావడి పడితే ప్రాణం పోతోందని, ఎడమ భుజం మీద మోసే అలవాటు లేదని చెప్పాడు. కావడి ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

"కోసి పారేయ్ సిస్టరమ్మా, పీడ పోతది," అన్నాడు.

గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పెరిగే ఇలాంటి మచ్చను కీలాయిడ్ అంటారు. ఉత్తగా కోస్తే మునుపటికన్నా పెద్దదై తిరిగి రావచ్చని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మచ్చలోకే నెలనెలా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం ఒక దారి. సిలికాన్ షీట్ అనే మెత్తటి పొర అంటించడం ఇంకొకటి. అతిచల్లటి మందుతో మచ్చను గడ్డకట్టించే క్రయోథెరపీ పెద్ద ఊళ్లలోనే దొరికేది. కోసినా వెంట ఇంజెక్షన్లు తప్పవు. చెమట పట్టే భుజం మీద షీట్ నిలవదు కాబట్టి ఇంజెక్షన్లే మొదలుపెట్టాం. గట్టి మచ్చలోకి మందు ఎక్కాలంటే సిరంజిని బలంగా నొక్కాలి. ముత్తయ్య పళ్లు బిగించి కూర్చునేవాడు. మచ్చ మెత్తబడి సగానికి దిగింది.

తర్వాత మనిషి పత్తా లేడు. వానాకాలం పోయాక వచ్చాడు. మచ్చ మళ్లీ లేచి కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"సూదులు మధ్యలో ఆపొద్దని చెప్పలేదా?"

"చెప్పినవ్. కానీ మంచిగ దురద పెట్టింది సిస్టరమ్మా. దురద పెడితే మానుతున్నట్టే గద. మా అవ్వ గూడ గట్లనే అన్నది. ఇంకెందుకు సూదని రాలే."

నా కోపం చప్పున చల్లారింది. మా అమ్మా అదే మాట అనేది. మోకాలు చెక్కుకుపోయినప్పుడల్లా ఎప్పుడు దురద పెడుతుందా అని ఎదురుచూసినదాన్నే నేను. పుండు విషయంలో ఆ మాట చాలావరకు నిజం కూడా. కీలాయిడ్‌కు మాత్రం దురద లేచిందంటే అది మళ్లీ పెరుగుతోందని అనుమానించాలి. అదే చెప్పాను.

ముత్తయ్య భుజం తడుముకున్నాడు. "అంటే పుండుకు మంచిది, మచ్చకు చెడ్డది."

"అవ్. దురద లేస్తే సూది తారీఖు దాకా ఆగకు, బస్సెక్కి రా."

ఈసారి ఒక్క సూదీ తప్పించలేదు. మచ్చ పూర్తిగా మాయం కాలేదు గానీ చర్మంతో సమానంగా అణిగింది. డాక్టరుగారి మాట మీద కావడిని ఎడమ భుజానికి మార్చుకుని, తిట్టుకుంటూనే అలవాటు చేసుకున్నాడు.

చివరిసారి వచ్చిన రోజు వరండాలో అతని పక్కన ఒకామె కూర్చుంది. చెవి కుట్టించుకున్న చోట గోళీకాయంత కీలాయిడ్. ఎలా ఉందమ్మా అని అడిగాను.

"మంచిగనే ఉంది. దురద గూడ పెడుతున్నది. సూది వద్దు, పోతా," అంటూ లేచింది.

నేను నోరు తెరిచేలోపే ముత్తయ్య ఆమె సంచీ పట్టుకున్నాడు. "కూసో వదినా. అది మంచి దురద కాదు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. బాగుందని ఎవరైనా అంటే సంతోషించి ఊరుకోవడం ఆ రోజుతో మానేశాను. ఏం బాగుందమ్మా అని ఇంకో మాట అడుగుతాను.