ఆడబిడ్డ ఆది రవిక

మా అత్తగారింట్లో ఆడవాళ్లందరికీ కలిపి ఒకటే ఆది రవిక. అది మా ఆడబిడ్డది. ఆమె పెళ్లయి గుమ్మఘట్ట వైపు వెళ్లిపోయినా, ఆ రవిక మాత్రం మా ట్రంకుపెట్టెలోనే ఉండేది. గుడ్డతో పాటు దాన్ని రాయదుర్గం దర్జీకి పంపితే, అదే కొలతకు మా అందరికీ కుట్టి పంపేవాడు. మగవాడి ముందు నిలబడి టేపు పెట్టించుకోవడం ఆ ఇంట్లో తప్పు. ఆడబిడ్డేమో ఎండిన కందికట్టె. నేను చిన్నప్పటి నుంచీ బావిలో నీళ్లు చేదినదాన్ని. నా రెట్టలకు ఆ చేతులు ఎక్కేవి కావు.

పుట్టింటి రవిక ఒకటి ఆదిగా పంపుతానని అడిగాను. అత్త ఒప్పుకోలేదు.

"ఈ ఇంటికొచ్చినంక ఈ ఇంటి ఆదే. రవికంటే ఒంటికి పట్టిండల్ల. గోనెసంచి మాదిరుంటే ఏం బాగుంటాది?"

బాగుండటం ఎవరికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చంకల్లో కోసుకుపోయేది నాకు.

ఎనభైల మొదట్లో, వానలు మొహం చాటేసిన ఏడాది, మండుటెండల్లో నాకు కొడుకు పుట్టాడు. బిగుతు రవికలో రొమ్ములు నొక్కుకుపోయి పాలు గడ్డకట్టాయి. జ్వరం వచ్చింది. పిల్లవాడు నోరు పెడితే ప్రాణం పోయినంత పనయ్యేది. వాడూ ఏడ్చేవాడు, నేనూ ఏడ్చేదాన్ని. ఆస్పత్రిలో నర్సమ్మ నా రవిక చూసి మండిపడింది.

"ముందు దీన్ని తీసి పారెయ్ తల్లీ, వదులుది ఏసుకో. లేకుంటే కోత పెట్టల్ల. పాలు కూడా ఎండిపోతాయి."

ఇంటికొచ్చి చెబితే, నర్సమ్మేమన్నా పిల్లల్ని కన్నదా అని అత్త తీసిపారేసింది. మా ఆయన "ఆడోళ్ల యవ్వారం, నాకెందుకప్పా" అని టవలు దులుపుకుని చేనికి పోయాడు. పంచాయితీలో గంటలకొద్దీ మాట్లాడే మనిషికి ఒక్క రవిక విషయంలో నోరు పెగల్లేదు.

పిల్లవాడి పొత్తిగుడ్డలకని మా నాయన తన పాత పంచె ఇచ్చి పంపాడు. ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డ. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే గదిలో దాన్ని పరిచి, దాని మీద పడుకుని, చేతికందినంత మేర నా చుట్టూ బొగ్గుతో గీత గీసుకున్నాను. ఆ గీతకు నాలుగు వేళ్లు అవతల కత్తిరించాను. చేతులు రెండూ ఒకే వైపువి వచ్చాయి. తిట్టుకుంటూ విప్పి మళ్లీ కుట్టాను. హుక్కులకు బదులు ముందు పక్క నాడాలు పెట్టాను. వేసుకుంటే చంకల్లోకి గాలి వచ్చింది. పెళ్లిలో పట్టుచీర కట్టినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. మెల్లగా గడ్డలు మెత్తబడ్డాయి. పిల్లవాడు కడుపునిండా తాగి నిద్రపోవడం మొదలుపెట్టాడు.

అత్త కంట పడనే పడింది. "మీ నాయన బతికుండంగానే ఆయప్ప పంచె చించి ఒంటికేసుకుంటావా? మా ఇంట్లో గుడ్డలు లేవని ఊరంతా చాటల్లనా?"

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి కొక్కేనికి నా రవిక లేదు. దాని చోట పాత బిగుతు రవిక వేలాడుతోంది. నీళ్లపొయ్యిలో గుడ్డ కాలిన వాసన.

"కాల్చినా. ఏం చేస్తావ్?" అంది అత్త.

రవికే వేసుకోలేదు. అదీ నేను చేసింది. పైటను ఒంటి చుట్టూ బిగించి, పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని, వీధి అరుగు మీద కూర్చుని పాలివ్వసాగాను. ముసలమ్మలు రవిక లేకుండా తిరిగితే ఊళ్లో ఎవరికీ పట్టదు. ఇంటి కోడలు అలా కూర్చుంటే ఊరికి ఇక వేరే పనేముంటుంది? బస్సు దిగినవాళ్లు తల తిప్పుకుని పోయారు. కొందరు తిప్పుకోలేదు కూడా. నాకు సిగ్గు లేక కాదు, సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా లేవలేదు.

అత్త తలుపు చాటు నుంచి, "లోపలికి రాయే, మానం పోతాండాది" అంది.

"గుడ్డ తెచ్చియ్యత్తా. నా ఒంటికి నేనే కుట్టుకుంటా."

బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి పెట్టెలోంచి కొత్త మల్లుగుడ్డా, కత్తెరా తెచ్చి నా పక్కన విసిరికొట్టింది.

"కుట్టుకో. నీకొక్కదానికే ఊపిరాడనట్టు చేస్తాండావు. నేను మాత్రం ఇన్నేండ్లు ఊపిరాడి ఏసుకుంటాండానా?"

ఈ మాట ఎవరికి చెప్పినా, "పాపం, ఆమె కూడా పడింది కదా" అంటారు. నాకు జాలి కలగలేదు. అప్పటిదాకా, ఆమెకు ఆ బాధ తెలియదు, తెలియకనే మొండికేస్తోంది అనుకున్నాను. ఆమెను క్షమించడానికి నాకు మిగిలింది ఆ ఒక్క సాకే. దాన్ని కూడా తన నోటితోనే తీసేసింది.

అక్కడే అరుగు మీద ఆ గుడ్డ కత్తిరించుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో కట్టే బట్టలన్నీ నేనే కుట్టుకున్నాను, వదులుగా. తనకొకటి కుట్టిపెట్టమని ఆమె ఎన్నడూ అడగలేదు. నేనూ కుట్టలేదు.