చెరువు వెనక నీలిపువ్వు, అమ్మాయమ్మ వేసిన ముడి

ఆ గడ్డిముడులు వేసింది నేనే. నవ్వుకుందామని వేశాను. దాంతో అమ్మాయమ్మత్తకు రాబోయే కొలువుకే ఎసరు వస్తుందని తెలియదు.

ముదలియార్‌పేటలో వైద్యుల ఇళ్ళకు ఆకులూ వేర్లూ తెచ్చిచ్చే మనిషి అమ్మాయమ్మ. ఏ మొక్క ఎక్కడుందో గుర్తుండాలని దాని పక్క గడ్డిని ముడేసి వచ్చేది. చెరువు వెనక పల్లం కార్తీకంలో మడుగు, మాఘానికల్లా ఎండిన నేల. నీళ్ళున్న ఆ కొన్నాళ్ళే అక్కడ పెసరగింజంత నీలిపువ్వు పూస్తుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. సముద్రం వైపు వీధిలో మొక్కల పిచ్చి దొర ఒకడు మూడేళ్ళుగా దానికోసం వెతుకుతున్నాడు. చూపిస్తే తన తోటలో కొలువిస్తానన్నాడు. అమ్మాయమ్మ చూసింది, ముడేసింది, దొరకు కబురు పెట్టింది.

మర్నాడు దొర, మనిషి వెనక నుంచి తోసే పుష్‌పుష్ బండి దిగేసరికి ఆమె పల్లంలోకి చూసి నిలబడిపోయింది. ఎటు చూసినా ముడులే.

నిన్న వేసింది ఒకటే కదా? నిద్రలో లేచి వచ్చి వేశానా? అసలు ఇది ఆ పల్లమేనా? వంగి చూస్తే అన్నీ తన చేతి ముడుల్లాగే ఉన్నాయి. ఇంకోసారి చూస్తే ఒక్కటీ తనది కాదనిపించింది.

"ఇదా?" దొర తనకు వచ్చీరాని మా ఊరి తమిళంలో అడిగాడు, మొదటి ముడి దగ్గర వంగి.

"అది కాదనుకుంటా సామీ."

"ఇదా?"

"అదీ కాదేమో."

"నువ్వు నిజంగా చూశావా?"

చూసినట్టే ఉంది. ఒట్టేయమంటే మాత్రం వేయలేననిపించింది.

ఎండ ఎక్కుతోంది. నలభై ముడులయ్యాయి. దొర మొహం ఎర్రబడింది. ఇక ముడుల్ని నమ్మి లాభం లేదని అమ్మాయమ్మ కళ్ళు మూసుకుని, పాదాలతో తడుముకుంటూ నడిచింది. మెత్తని బురద. ఇంకా బురదే. అప్పుడు అరికాలికి గరుకుగా గులకరాళ్ళ నేల తగిలింది. నిన్న పువ్వు చూసినప్పుడు ఇక్కడే కాలు నొచ్చింది. కళ్ళు తెరిచింది. బొటనవేలికి జానెడు దూరంలో పువ్వు, ముడుచుకోబోతూ.

"పీకొద్దండి సామీ. ఉన్నది ఒకటే. గింజ రాలనీండి."

దొర బురదలోనే కూర్చుని దాని బొమ్మ గీసుకున్నాడు. సోమవారం నుంచి తోటకు రమ్మన్నాడు.

సాయంత్రం వెళ్ళి ఒప్పుకున్నాను. "అత్తా, ఆ ముడులు నేనే ఏసినా."

అత్త ఆకులేరడం ఆపలేదు. "అంత దొరే ముడిముడికీ నడుం వంచినాడు. నీదేమన్నా ఇనప నడుమా? పో, వంగి అన్నీ విప్పి రా."