మోటారు లేచే చప్పుడు

మిషను తొక్కుతున్న కాలు ఉన్నట్టుండి ఆగిందంటే కరెంటు వచ్చిందన్నమాట. కాలితో తొక్కే కుట్టుమిషనుకు కరెంటుతో పనేమిటంటారేమో, పని మిషనుకు కాదు, ఆవిడకు. పెరటి గోడ అవతల పొలంలో, రేకుల కొట్టంలో ఒక డబ్బా ‘టక్’ మంటుంది. బోరు పైపు నోట ముందు నిట్టూర్పులాంటి గాలి, వెనకే నీళ్ళు. అప్పుడు ఆ దర్జీ వదిన (పిల్లలకీ పెద్దలకీ వదినే లెండి) తలెత్తకుండా “లేచారా?” అంటుంది. ఆవిడ మొగుడు పోయి ఇది రెండో వేసవి.

ఆ డబ్బా పెట్టించింది ఆవిడ పోరే. ఏ వేళ కరెంటొచ్చినా ఆయన మంచం దిగి పొలానికి పరిగెత్తేవాడు. “పాముంటుందో పురుగుంటుందో, ఎందుకండీ ఈ తిప్పలు? అందరిలా ఆటో స్టార్టరు బిగించుకోండి. మోటారు దానంతటదే లేస్తుంది, మీరు హాయిగా పడుకోండి” అని ప్రాణం తోడేసింది. సరేనని బిగించుకున్నాడు. నెల తిరక్కుండానే, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. డబ్బాకేం తెలుసు, పాడు డబ్బాకి! శవం ఇంట్లో ఉండగానే మోటారు లేపింది. ఏడుస్తున్నవాళ్ళంతా నోరు మూసుకుని పొలంవైపు చూశారు. ఆవిడ మాత్రం ఆ చప్పుడును పట్టుకుని బతికేస్తోంది.

చేలో పంటా లేదు, పాడూ లేదు. నీళ్ళు తొట్టి నిండి, పొర్లి, పిచ్చిమొక్కల్లోకి పోతున్నాయి. పక్కనే మరిది నిమ్మతోట. అతని బోరు గాలి కక్కుతోంది, చెట్లు ఆకు రాలుస్తున్నాయి. ఎందుకో అతనికి తెలుసు. ఒక్కనాడూ వదినను పల్లెత్తు మాట అనలేదు.

ఊళ్ళో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతుంటే నీళ్ళ సంఘం పాలకేంద్రం షెడ్డులో కూర్చుంది. సగంమంది ఇంకా లోతుకు దింపుదామన్నారు. వాళ్ళు పిలిపించిన బోరు లారీ రోడ్డు పక్కన ఆగే ఉంది. మిగతావాళ్ళు వంతులేసుకుందామన్నారు. గొంతులు లేచాయి, కుర్చీలు లేచాయి. చివరికి సంఘం పెద్ద, ఒకప్పటి బస్సు డ్రైవరు, తేల్చేశాడు.

“రేపొక్క రోజు ఊళ్ళో ఏ మోటారూ లేవకూడదు. సాయంత్రం బోర్లలో తాడేసి చూద్దాం. నీళ్ళు పైకొస్తే వంతులు. ఈలోగా ఎవరి మోటారు లేచినా సరే, లారీ ఊళ్ళోకొస్తుంది. డబ్బాలన్నీ ఇవాళే పీకెయ్యండి.”

ఇంటింటికీ వెళ్ళి అడిగాడు కూడా. “పీకేశావా వదినా?”

“ఆపేశానయ్యా” అంది.

మోటారు ఆపే ఎర్ర బటను నొక్కిన మాట నిజమే. కానీ కరెంటు పోయి మళ్ళీ వస్తే డబ్బా ఆ బటనును లెక్కచెయ్యదు. ఆవిడకు తెలియదా? తెలుసు. మిషను స్క్రూడ్రైవరు పట్టుకుని కొట్టం దాకా వెళ్ళింది. చేతులు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికే అందరూ షెడ్డుకు చేరారు. అది ఆవిడ పొలం గట్టునే ఉంటుంది. మోటార్లన్నీ ఆగిపోయేసరికి ఊరు ఊరులా లేదు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇంతలో షెడ్డులో బల్బు వెలిగింది.

టక్. గాలి. నీళ్ళు.

“ఎవరిదది?” డ్రైవరు కేకేశాడు.

“నాదే” అన్నాడు మరిది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. “నీ బోరులో నీళ్ళెక్కడివిరా బాబూ!” అన్నారెవరో. అని నాలిక్కరుచుకున్నారు. ఇక ఎవరూ వదినవైపు చూడలేదు. లారీ పిలిపించినవాళ్ళలో ఒకాయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

“నాది” అంది వదిన. “అబద్ధమాడాను. అందులో మీ అన్న ఉన్నాడయ్యా. ఎలా పీకను?”

మరిది తలొంచుకున్నాడు. “నాకు తెలుసు వదినా. నేనూ వింటాను. పార పక్కన పెట్టి మరీ వింటాను. అన్న లేచాడనుకుంటాను.”

అప్పుడు తట్టింది ఆవిడకు. బతికున్నన్నాళ్ళూ తమ్ముడి తోటలోకి మేకనైనా పోనివ్వని మనిషి ఆయన. అలాంటివాడిని రోజూ లేపి, ఆ తమ్ముడి నీళ్ళే తోడిస్తోంది తను. కొంగుముడిలోంచి స్క్రూడ్రైవరు తీసి పొలంలోకి నడిచింది. మరిది పరిగెత్తి ఫ్యూజు పీకాడు. స్క్రూలు తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు, అయినా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. డబ్బాను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని గట్టుమీద కూలబడింది.

“ఇంకొక్క రోజు చూద్దామా?” అడిగాడు డ్రైవరు. చేతులు లేచాయి. లారీ ఆయన గొణుక్కుంటూనే తనదీ ఎత్తాడు.

ఆ ఇంకొక్క రోజూ ఊరు ఊపిరి బిగబట్టింది. సాయంత్రం మరిది బోరులో వేసిన తాడు తడిసి పైకొచ్చింది. వంతులు ఖాయమయ్యాయి. లారీ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వదిన ఎవరిదో జాకెట్టు కుడుతోంది. బల్బు వెలిగింది. అలవాటుగా కాలు ఆగింది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. సూది గుడ్డలోనే ఉండిపోయింది. చాలాసేపు అలాగే చెవి ఒగ్గి కూర్చుంది.

“పడుకోండి” అంది చివరికి. “ఇంక లేవక్కర్లేదు.”

అని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.