సర్పంచికి తొడిగిన లక్క గాజు

మా ఊళ్ళో ఏ ఆడదాని చెయ్యి ఎంత కొలతో మా తోటికోడలు సుకర్తీకి కంఠతా వచ్చు. నలభై ఏళ్ళుగా లక్క గాజులు చేస్తోంది. కుంపటి మీద లక్క కాచి, సాగదీసి, గోరువెచ్చగా ఉండగానే చేతికి ఎక్కిస్తుంది. ఎక్కించాక కూడా ఆ చెయ్యి కాసేపు వదలదు. తిని వచ్చావా, ఏడ్చి వచ్చావా అన్నది ఆవిడకి ఆ చెయ్యే చెప్తుందట. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో, "పిల్లా, పొద్దున్నించి ఏమీ తినలేదు కదూ" అని ఇంత అరికెల అంబలి పోసింది. అప్పట్నించీ నాకు అత్త కంటే ఆవిడే ఎక్కువ. మా అత్త వింటే వినని, ఉన్నమాటే.

నాది అంత చల్లటి గుణం కాదు. నోరు తెరిచానంటే ఇల్లు పీకి పందిరి వేస్తాను. ఆ ఏడు జరిగిన దాంట్లో మొదటి తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నా.

మా వాగు ఒడ్డున అరవై మోదుగ చెట్లున్నాయి. వాటి కొమ్మల మీదే లక్క పురుగుల్ని పెంచి లక్క తీస్తాం. పన్నెండిళ్ళకి అదే కూడు. రాళ్ళ క్వారీకి లారీలు పోవాలని ఒక కాంట్రాక్టరు ఆ చెట్లు కొట్టేస్తానన్నాడు. వాడికి కావలసింది సర్పంచి సంతకం ఒక్కటే. సర్పంచి ఎవరో కాదు, మా ఆయన జియాలాల్. మంచివాడే, కాదనను. పిల్లిని అదిలించమంటే దానికి దండం పెట్టే రకం. కాంట్రాక్టరు మా కుర్చీలో కాలు మీద కాలేసుకు కూర్చుంటే, ఈయన సొంతింట్లో నేల మీద కూర్చున్నాడు. శుక్రవారం సంతకం పెట్టేస్తానని తలూపేశాడు కూడా.

నాకు ఒళ్ళు మండిపోయింది. రామ్‌గఢ్ మాకు ఆరు కోసుల దూరం. అక్కడి అవంతీబాయి రాణి తెల్లవాళ్ళ మీద కత్తి దూసేముందు చుట్టుపక్కల జమీందార్లందరికీ చీటీతో పాటు గాజులు పంపిందని మా పిల్లలకి ఉగ్గుపాలతోనే చెప్తాం. పోరుకి రండి, లేదా ఇవి తొడుక్కుని ఇంట్లో కూర్చోండి అందట. నేనూ అదే చేద్దామనుకున్నా. నా మొగుడికి గాజులు పంపి పదిమందిలో పరువు తీద్దామని, నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని సుకర్తీ అక్క దగ్గరికి పోయాను.

"రెండు గాజులియ్యక్కా. నీ మరిదికి పంపాలి."

అక్క తలెత్తలేదు, నిప్పులు ఎగదోస్తూనే ఉంది. "ఇవ్వను" అంది.

"రాణి పంపలేదా మరి?"

"రాణి ఆడది కాదా? గాజులేసుకుని పెరగలేదా? గాజుల చెయ్యి పిరికిదైతే ఆవిడ ఎక్కణ్ణించి ఊడిపడిందే? నలభై ఏళ్ళలో ఒక్క గాజు కూడా తిట్టుగా చెయ్యలేదు నేను. ఇప్పుడు నీ నోటి దురద తీరడానికి చెయ్యాలా?"

నా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అయితే చెట్లు పోనీ అంటావు."

"అలా ఎవరన్నారు? శుక్రవారం పొద్దున్నే వాణ్ణి నా దగ్గరికి పంపు."

పంపాను, వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. చిన్నప్పట్నించీ ఆయన్ని పెంచింది ఆవిడే. చెయ్యి పట్టుకుని ముందు కూచోబెట్టుకుంది.

"నువ్వు కూడా వెక్కిరిస్తావా వదినా?"

"నోర్మూసుకుని చెయ్యి వదులుగా పెట్టు. కొయ్యలా బిగించావేంట్రా?"

"వణుకుతోంది వదినా."

"నాకు తెలీదా? పులి తిరిగే అడవిలోకి ఇప్పపూలకి పోయేముందు ప్రతి పిల్లా ఇట్లాగే వణుకుతుంది. నేను గాజు ఎక్కించి పంపుతాను. వెళ్తారు, వస్తారు."

ఆ లావుపాటి మణికట్టుకి సరిపడా ఎర్రటి గాజు చేసి ఎక్కించింది. తల మీద చెయ్యి పెట్టి "వెళ్ళిరా" అంది.

పంచాయతీ కచేరీ కిటికీ దగ్గర మేం ఆడవాళ్ళం గుమిగూడాం. కాంట్రాక్టరు కాగితం ముందుకి జరిపాడు. ఈయన చొక్కా చెయ్యి ఎంత కిందికి లాక్కున్నా, పెన్ను తీసేసరికి గాజు బయటపడింది.

"ఏంటి సర్పంచిగారూ, గాజులు తొడిగించుకున్నారా?"

గదంతా గొల్లున నవ్వింది. నేను కోరుకున్నది ఆ నవ్వే కదా. అది నా చెవిన పడేసరికి అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

"అవునండీ" అన్నాడు మా ఆయన. "మా వదిన తొడిగింది. అడవిలోకి పోయేవాళ్ళకి తొడుగుతుంది." పెన్నుకి మూత పెట్టాడు. "నేను సంతకం పెట్టనండీ."

కాంట్రాక్టరు బెదిరించాడు, బల్ల గుద్దాడు. ఈయన ఆ 'అండీ' కూడా మానకుండా అదే మాట అన్నాడు. తర్వాత ఇంకో మూడుసార్లు తిరిగి, వాడే విసిగి వేరే దారి చూసుకున్నాడు. మా చెట్లు మాకు దక్కాయి.

ఆ మధ్యాహ్నం అన్నం పెడితే ముద్ద నోటిదాకా పోవడంలేదు ఆయనకి, చేతులు అంతలా వణుకుతున్నాయి. నేనే కలిపి పెట్టాను, ఏడుస్తూనే. అంతలో అక్క వచ్చింది.

"చూడక్కా, ఇంకా ఎలా వణికిపోతున్నాడో. రాణిగారి గుండె అందరికీ ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాను.

"రాణి చేతులు వణకలేదని నీకెవరు చెప్పారే?" అంది అక్క. "ఆ పొద్దు ఆవిడ చెయ్యి ఎవరు పట్టుకు చూశారు?"

నేను ఆయనకి ఇంకో ముద్ద కలిపి పెట్టాను.