పంది మూతి బండికి పసుపు

మొన్న దసరాకి అబిడ్స్‌లో బంతిపూలు కట్టిన లారీ చూశాను. హైదరాబాద్ వేరే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో నాంపల్లి స్టేషన్ ముందు ఆగే లారీలు, వాటి రబ్బరు బుడ్డి హారన్లు మీకు గుర్తున్నాయా?

మా బాపుది ఒక కంపెనీ తయారుచేసిన లారీ, పక్కింటి మల్లయ్య మామది ఇంకో కంపెనీది; ఎవరి కంపెనీ వాళ్లకు గొప్ప. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కున్న మామ బండిని బాపు "పంది మూతి" అనేవాడు. వానలో తడిసేవాడు గానీ అది ఎక్కేవాడు కాదు.

ఓ దసరాకి మామ దవాఖానలో ఉన్నాడు. పొద్దున్నే బాపు మా బండి కంటే ముందుగా ఆ పంది మూతికే పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నాకేమీ అర్థం కాలేదు.

మర్నాడు మామ ఇంటికొచ్చి అడిగాడు: "బావా, నా బండికి బొట్టెవలు వెట్టిన్రు?"

"నాకేం ఎరుక? గా పంది మూతిని నేను ముట్టుకుంటనా?" అన్నాడు బాపు.

మేము ఏ కంపెనీ వాళ్లమో ఆ రోజు నుంచి నాకు తికమకే. ఆ మాట అన్నప్పుడు బాపు గోళ్ల సందుల్లో మాత్రం పసుపు ఇంకా పోలేదు.